రెండు వందల డాలర్లు, ఒక ఖుర్ఆన్ ప్రతి

సినిమా చదువు చదువుతానని కుమారుడో కుమార్తెయో అన్ననాడు మన ఇళ్లలో ముందుగా కలిగేది ఆందోళనే. ఆ రంగంలో సంపాదన హలాల్‌గా ఉంటుందా, నమాజుకు వేళ చిక్కుతుందా, స్నేహాలు ఎటువంటివి అన్న ప్రశ్నలు న్యాయమైనవే. వాటికి జవాబు వెదికే తల్లిదండ్రులు ముస్తఫా అక్కాద్ జీవితాన్ని ఒకసారి పరిశీలించడం మంచిది.

సిరియాలోని అలెప్పో నగరంలో 1930లో జన్మించిన అక్కాద్, చిత్రదర్శకుడు కావాలన్న కోరికతో అమెరికాకు పయనమయ్యారు. విమానాశ్రయంలో తండ్రి తన ఒక జేబులో రెండు వందల డాలర్లు, మరో జేబులో దివ్య ఖుర్ఆన్ ప్రతి ఉంచి సాగనంపారని ఆయన చెప్పేవారు. లాస్ ఏంజెలెస్‌లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివి, ఆపై అదే నగరంలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఇది ప్రైవేటు విశ్వవిద్యాలయం. ఇక్కడ 1929 నుంచే సినిమా బోధన సాగుతోంది.

ఈ చదువంటే ఆటపాటలేనన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. నిజానికి కథను దృశ్యాలుగా విభజించి రాయడం, కెమెరా, వెలుతురు, శబ్దగ్రహణం, ఎడిటింగ్, ఖర్చుల అంచనా, చిత్రీకరణ ప్రణాళిక ఇందులోని పాఠాలు. ఒకరి లఘుచిత్రానికి దర్శకుడైన విద్యార్థి మరొకరి చిత్రానికి శబ్దం చూస్తాడు. గడువులోగా, ఉన్న డబ్బుతో, నలుగురితో కలసి పని ముగించడం ఇక్కడ అలవడుతుంది.

ఈ నేర్పుతోనే అక్కాద్ 1976లో ‘ది మెసేజ్’ చిత్రాన్ని వెలువరించారు. అరబీ, ఆంగ్ల భాషలకు వేర్వేరు నటులతో రెండుసార్లు చిత్రీకరించారు. హజ్రత్ హమ్జా (రజి) పాత్రను ఆంగ్లంలో ఆంథోనీ క్విన్, అరబీలో అబ్దుల్లా గైస్ పోషించారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) రూపం గాని, స్వరం గాని చిత్రంలో ఎక్కడా లేదు. ఎదుటి పాత్రలు కెమెరా వైపు చూసి మాట్లాడతాయి. అయినప్పటికీ పలువురు ఉలమాలు ఆ చిత్రాన్ని ఆమోదించలేదు. ఆ తర్వాత లిబియా పోరాట యోధుడు ఉమర్ ముఖ్తార్ గాథను ‘లయన్ ఆఫ్ ది డెజర్ట్’గా తీశారు.

అయితే, 1978లో మొదలైన ‘హాలోవీన్’ అనే భయానక చిత్రాల పరంపరకు నిర్మాతల్లో ఒకరు కూడా ఆయనే. అదే చదువు, అదే మనిషి! విశ్వవిద్యాలయం చేతికి పనితనాన్ని ఇవ్వగలదు గాని, ఆ చేయి దేనిని చూపాలో నిర్ణయించదు. ఆ నిర్ణయానికి కావలసిన శిక్షణ ఇంటిలోనే మొదలుకావాలి.

ఇక వ్యయం మాట. ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో ఈ చదువుకు రుసుము లక్షల్లో ఉంటుంది. బ్యాంకు విద్యారుణం వడ్డీతో కూడినది కనుక, మన కుటుంబాలకు ఇది ధనసమస్య మాత్రమే కాదు, ధర్మసమస్య కూడా. అందుకే చేర్చే ముందు ఆ సంస్థకు యూజీసీ గుర్తింపు ఉన్నదీ లేనిదీ చూడాలి. విద్యార్థి చేతికి కెమెరా ఎన్ని గంటలు దక్కుతుంది, చదువు ముగించినవారు ఎక్కడ పనిచేస్తున్నారు అని అడగాలి. ఉపకార వేతనాల సంగతి విచారించాలి. 1960లో నెలకొన్న పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, 1982లో ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియాలో ఏర్పడిన మాస్ కమ్యూనికేషన్ కేంద్రం వంటి ప్రభుత్వ సంస్థల ప్రవేశ పరీక్షలకు ముందుగా ప్రయత్నించడం వివేకం.

పట్టా పొందినవారంతా సినిమాలే తీయనక్కరలేదు. పాఠ్యాంశ వీడియోలు, వార్తాచిత్రాలు, ఆరోగ్య ప్రచారం, డాక్యుమెంటరీలు అన్నింటికీ ఈ నైపుణ్యమే ఆధారం. మన గురించి ఇతరులు తీసిన చిత్రాలను చూసి బాధపడే మనం, మన వీధులను, మన తల్లుల శ్రమను, మన పిల్లల చదువును నిజాయితీగా చూపగల చేతులను తయారుచేసుకున్నామా? కనుక బిడ్డ ఈ కోరిక వెలిబుచ్చినప్పుడు వెంటనే కాదనకండి. దగ్గర కూర్చోబెట్టుకుని, “ఏమి చూపాలనుకుంటున్నావు? ఏది చూపనని నిశ్చయించుకున్నావు?” అని అడగండి. రెండు ప్రశ్నలకూ స్పష్టమైన సమాధానం వస్తే, రుసుము గురించి మాట్లాడవచ్చు.