షాదీకా, దఫ్తర్‌కా?

పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద షేర్వాణీ కుట్టించుకోవడానికి వెళ్తే పాతకాలపు దర్జీ ముందు కొలతలు తీసుకోడు. మెడలో టేపు సవరించుకుంటూ ఒక మాట అడుగుతాడు. "ఏడికి తొడుక్కొని పోతవు బేటా? షాదీకా, దఫ్తర్‌కా?"

పెళ్లికైతే జరీ పని, మెరిసే గుండీలు. దఫ్తరుకైతే నలుపో, ముదురు నీలమో, సాదా గుడ్డ. ఆ జవాబు విన్నాకే టేపు కదులుతుంది. భుజం, ఛాతీ, చెయ్యి అయ్యాక చివరికి మెడ దగ్గరికి వస్తాడు. టేపు చుట్టి, లోపల తన వేలు ఒకటి పెట్టి మరీ కొలుస్తాడు. ఆ వేలంత సందు లేకపోతే నిలువు కాలరు గొంతు పట్టేస్తుంది. మరీ ఎక్కువైతే కాలరు వాలిపోయి, మనిషి కూడా వాలిపోయినట్టు కనిపిస్తాడు. రెండు గంటల మీటింగులో కూర్చున్నవాడికి ఆ వేలు విలువ తెలుస్తుంది.

మీటింగుకు ఏం వేసుకోవాలన్నది చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది. కానీ హైదరాబాద్ పాతబస్తీలో ఒకప్పుడు ఆ ప్రశ్న రెండు ప్రభుత్వాల మధ్యకే వచ్చింది. అదీ బూట్ల గురించి.

1869 ఫిబ్రవరిలో ఐదో నిజాం అఫ్జలుద్దౌలా చనిపోయాడు. వారసుడు మీర్ మహబూబ్ అలీఖాన్‌కు అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. అంతవరకు బ్రిటిష్ రెసిడెంటు అంతటివాడైనా నిజాం దర్బారుకు వస్తే బూట్లు విప్పి, తివాచీ మీద కింద కూర్చోవలసిందే. పసి నిజాం గద్దెనెక్కే సమయంలో రెసిడెంటు సాండర్స్ ఇక ఆ పద్ధతి కుదరదన్నాడు. బూట్లతోనే వస్తాం, కుర్చీల్లోనే కూర్చుంటాం అని పట్టుబట్టాడు. దివాన్ సాలార్‌జంగ్ ఒప్పుకోక తప్పలేదు. దర్బారులో ఆ రోజు ఏం మాట్లాడుకున్నారన్నది అటుంచితే, ఎవరిది పైచేయి అన్నది బూట్ల చప్పుడే చెప్పేసింది. సమావేశంలో మాటలకంటే ముందు వేషం మాట్లాడుతుందనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఈ ఊళ్లో దొరకదు.

ఆ పసివాడే పెద్దయ్యాక బట్టల విషయంలో కథలు కథలుగా చెప్పుకునే మనిషయ్యాడు. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం కట్టించిన టేకు అల్మరాల వరుస ఈనాటికీ చూడవచ్చు. పొడవాటి నడవకు అటూ ఇటూ, రెండంతస్తుల్లో, వందకు పైగా అల్మరాలున్నాయి. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో నడిపే లిఫ్టు కూడా ఉంది. ఒకసారి తొడిగిన దుస్తులు ఆయన మళ్లీ తొడిగేవాడు కాదని ప్రతీతి. 1911లో గద్దెనెక్కిన కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డా సాదా షేర్వాణీ, రూమీ టోపీతోనే గడిపేవాడు.

ఆయన ఎంత సాదాగా ఉన్నా, కలవడానికి వచ్చేవాళ్లకు మాత్రం కట్టుబాటు తప్పేది కాదు. దర్బారుకు వెళ్లే అధికారికి ఒంటిమీద షేర్వాణీ, తలకు దస్తార్, నడుముకు బగ్లూస్ అనే బెల్టు ఉండాలి. మతంతో దీనికి పని లేదు. రెండుసార్లు ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ తొడిగిందీ షేర్వాణీయే. కాయస్థులు, రెడ్లు, ముస్లింలు, నగరంలో కొలువు చేసేవాళ్లంతా అదే తొడిగారు. సంస్థానంలోనే ఉన్న ఔరంగాబాద్‌లో పట్టు, నూలు కలిపి నేసిన హిమ్రూ గుడ్డతో కుట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. ఇంట్లో ఎవరి కట్టు వాళ్లదైనా, దఫ్తరులో అందరిదీ ఒకే వేషం.

1948లో సంస్థానం భారత్‌లో కలిశాక కొలువులు మారాయి. షేర్వాణీ మెల్లగా పెళ్లి పందిళ్లకు తరలిపోయింది, దఫ్తరులోకి ప్యాంటు, షర్టు వచ్చాయి. అయినా ఆ నిలువు కాలరు మాత్రం పోలేదు. మన రాయబారులు, అధికారులు లాంఛన సభలకు వేసుకునే బంద్‌గలా కోటులో అది ఇంకా బతికే ఉంది.

మన బట్ట మీటింగుకు పనికిరాదని ఎవరైనా అంటే ఏం చేయాలి? 2014లో చెన్నైలో ఇదే జరిగింది. పంచె కట్టుకొని వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని ఒక క్లబ్బు లోపలికి రానివ్వలేదు. ఊరంతా భగ్గుమంది. కొద్ది వారాల్లోనే, పంచె కట్టుకున్నారన్న కారణంతో ఎవరినీ ఆపకూడదంటూ తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పద్ధతిగా కట్టిన పంచె ఏ సూటుకూ తీసిపోదు. నలిగిన సూటుకంటే ఇస్త్రీ చేసిన ఖద్దరు చొక్కా ఎప్పుడూ మేలే.

పాతబస్తీ నుంచి హైటెక్ సిటీకి మీటింగుకు బయల్దేరే కుర్రాడికి దర్జీ ప్రశ్నే దారి చూపిస్తుంది. ఎవరిని కలవబోతున్నాం? ఎక్కడ కూర్చోబోతున్నాం? బ్యాంకు అధికారినో, పెట్టుబడి పెట్టేవాళ్లనో కలిసేటప్పుడు ముదురు రంగు ప్యాంటు, లేత రంగు ఫుల్ చేతుల చొక్కా, వాటి మీద బంద్‌గలా చాలు. ఎండాకాలంలో ఇక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి సింథటిక్ అస్తరు వేయిస్తే బండి దిగేసరికి వీపంతా తడిసిపోతుంది. నూలు అస్తరు అడిగి వేయించుకోవాలి. కొత్త బట్టను మీటింగు రోజే మొదటిసారి తొడగడం మంచిది కాదు. వారం ముందే వేసుకొని కూర్చుని, లేచి, చెయ్యి చాచి చూసుకుంటే ఎక్కడ పట్టేస్తుందో తెలుస్తుంది. సరిచేయడానికి దర్జీకీ టైముంటుంది.

ఆడవాళ్లకు పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలు ఏ సమావేశానికైనా నిండుదనం తెస్తాయి. పైట కుచ్చిళ్లు పెట్టి భుజం దగ్గర పిన్ను పెట్టుకుంటే ఫైలు అందించేటప్పుడు జారదు. లాడ్ బజార్ గాజులు చేతినిండా వేసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ రాళ్లు పొదిగిన లక్క గాజు టేబులుకు తగిలిన ప్రతిసారీ మాట తెగిపోతుంది. ఆ రోజుకు ఒక్కొక్క గాజు చాలు.

అదే హైటెక్ సిటీ మనిషి పాతబస్తీలో మదీనా దగ్గరి హోల్‌సేల్ బట్టల దుకాణానికి బేరానికి వస్తే పద్ధతి మారుతుంది. అక్కడ పాత దుకాణాల్లో కుర్చీలుండవు. నేలంతా పరుపు, దాని మీద తెల్లటి దుప్పటి. బిగుతు ప్యాంటుతో వచ్చినవాడికి బాసింపట్టు వేసుకోవడం కష్టమవుతుంది. చిరుగుపట్టిన సాక్సు ఉంటే బేరం జరిగినంతసేపూ కాలు దాచుకోవడంతోనే సరిపోతుంది. తెలిసినవాళ్లు ఆ రోజు కాస్త వదులు ప్యాంటు, శుభ్రమైన సాక్సులు చూసుకొని మరీ వస్తారు.

1869లో రెసిడెంటు తీయనన్న బూట్లను ఇక్కడ ఎవరూ అడగకుండానే గుమ్మం దగ్గర విప్పుతారు. దుకాణందారు, కొనడానికి వచ్చినవాడు ఒకే దుప్పటి మీద ఎదురెదురుగా కూర్చుంటారు. చాయ్ వస్తుంది. థాను విప్పి గుడ్డ పరుస్తారు. బయట మెట్ల మీద పాలిష్ పెట్టిన బూట్లు, అరిగిన చెప్పులు పక్కపక్కనే ఉంటాయి.