తండా పక్కనే స్థలం ఇవ్వండి

కృష్ణా జిల్లా అనగానే కాలువలూ వరిచేలూ గుర్తొస్తాయి. రెడ్డిగూడెం, ఎ.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట వైపు నేల తీరే వేరు. ఇది మెట్ట. మామిడి తోటలు, పత్తి, మొక్కజొన్న, వేసవి ముదిరితే అడుగంటే బోర్లు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లిన ఈ మెట్టలో లంబాడీ తండాలున్నాయి. సంతకెళ్తే తెలుగు, ఇంటికొస్తే లంబాడీ. బడిలో పిల్లలకు చెప్పేది తెలుగూ ఇంగ్లిషే. కాబట్టి ఆ భాష నిలవాలన్నా పోవాలన్నా తేలేది ఇళ్ల మధ్యే.

ఇక్కడ ఇళ్ల మధ్య అంటే మాటవరసకు కాదు. తీజ్ పండుగే చూడండి. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో మన్ను పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు మోసుకొచ్చి పోస్తారు. పొద్దుగూకితే బుట్టలున్న చోటికి తండా అంతా చేరుతుంది. పెద్దపిల్లలు పాట ఎత్తుకుంటారు, చిన్నపిల్లలు వెనకనుంచి అందుకుంటారు, చరణం తప్పితే ముసలమ్మలు సరిదిద్దుతారు. మొలకలు ఏపుగా వస్తే మురిసిపోతారు. చివరి రోజున వాటిని నీళ్లలో కలిపేటప్పుడు కన్నీళ్లు పెట్టుకుంటారు. ఒక పిల్ల ఆ తొమ్మిది సాయంత్రాల్లో నేర్చుకునే భాషను ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేదు. దానికి ఖర్చేమీ లేదు. కావలసిందల్లా నడుమ కొంచెం ఖాళీ జాగా, చుట్టూ తమవాళ్ల ఇళ్లు.

మన ఇళ్ల పథకాల లెక్కలో లేనిది సరిగ్గా ఇదే.

2020 డిసెంబరు 25న మొదలైన ‘పేదలందరికీ ఇళ్లు’ పథకం పల్లెల్లో ఇంటికి సెంటున్నర ఇచ్చింది. గజాల్లో చెప్పాలంటే డెబ్బై రెండున్నర. ఇల్లు కట్టుకోవడానికి లక్షా 80 వేలు. రాష్ట్రమంతటా 17 వేలకు పైగా కాలనీలు వేశారు. సొంత గూడు లేనివాళ్లకు పట్టా చేతికి రావడం చిన్న సంగతి కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ స్థలం ఎక్కడ దొరికితే అక్కడ, ఎంత చవగ్గా దొరికితే అంత దూరంలో లేఅవుట్లు వేసిన చోట్లు చాలా ఉన్నాయి. ఎవరికి ఏ ప్లాటన్నది పేరుపేరునా తీసే లాటరీలో తేలింది. తండాలో గోడకు గోడ ఆనుకుని బతికిన అన్నదమ్ములకు ఒకరికి మొదటి వీధిలో, ఇంకొకరికి చివరి వీధిలో వస్తే అడిగేవాడు లేడు. పథకం అమలు చేసేవాళ్ల దృష్టిలో ఇద్దరికీ ఇల్లు వచ్చినట్టే. అమ్మను యాడీ అని పిలిచే పిల్ల కాలనీ వీధిలోకి అడుగుపెట్టగానే తెలుగులోకి మారిపోతుంది. ఆడుకునే జతగాళ్లంతా తెలుగువాళ్లయితే ఇంట్లో కూడా అదే అలవాటవుతుంది. ఇందులో ఆ పిల్ల తప్పేముంది?

మేకలు ఎక్కడ కట్టుకోవాలన్న సంగతి కూడా ఉంది. డెబ్బై రెండు గజాల్లో గదీ వంటిల్లూ మరుగుదొడ్డీ పోగా మంచం వాల్చుకునేంత వాకిలి మిగిలితే గొప్ప. జీవాలు పెంచుకుని బతికేవాళ్లు వాటిని అమ్మేసైనా కాలనీకి వెళ్లాలి, లేదంటే పట్టా బీరువాలో దాచుకుని తండాలోనే ఉండాలి.

ఐర్లండ్‌లో ఏం చేశారు?

మనకు చాలా దూరంగా, అట్లాంటిక్ ఒడ్డున ఇదే చిక్కు వచ్చింది. ఐర్లండ్‌లో ఐరిష్ మాట్లాడే పల్లె ప్రాంతాలను గేల్‌టాక్ట్ అంటారు. అక్కడ లక్షా ఆరు వేల మంది ఉంటే బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు 20,261 మందేనని 2022 జనాభా లెక్కలు చెప్పాయి. సముద్రపు గాలికోసం వచ్చే నగరవాసులు సెలవు ఇళ్లు కొంటుంటే ఊళ్లో పుట్టిన కుర్రాళ్లకు ఇల్లు దొరకడం కష్టమైంది. ఇళ్ల అనుమతులు ఇచ్చేవాళ్లకు భాష కూడా పట్టాల్సిన విషయమేనని అక్కడి 2000 నాటి ప్రణాళికా చట్టం తేల్చింది. గేల్‌టాక్ట్ ఉన్న కౌంటీ తన అభివృద్ధి ప్రణాళికలో ఆ ప్రాంతపు భాషా సంస్కృతుల రక్షణను లక్ష్యంగా రాసుకోవాలి. గాల్వే లాంటి చోట్ల కొత్త ఇళ్ల సముదాయాల్లో కొన్ని ఐరిష్ మాట్లాడేవాళ్లకే వెళ్లాలనే షరతులూ పెట్టారు. 2012 చట్టం వచ్చాక ప్రాంతాలవారీగా భాషా ప్రణాళికలు అక్కడి జనమే తయారు చేసుకుంటున్నారు.

ఇంత చేసినా అక్కడ భాష నిలదొక్కుకుందని చెప్పలేం. చట్టం ఆలస్యంగా వచ్చింది, ఇళ్ల కొరత ఇంకా తీరలేదు. అయినా ఇల్లు ఎక్కడ కడుతున్నారన్నది భాష బతుకును తేల్చే విషయమని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. మన దగ్గర ఆ ఒప్పుకోలు కూడా లేదు.

ఉండి కూడా లెక్కలో లేరు

2011 జనాభా లెక్కల్లో లంబాడీ, లమాణీ మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దేశంలో 32 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లందరినీ హిందీ కింద కలిపేశారు. సుగాలీలని కూడా పిలిచే ఈ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు గానీ ఈ మెట్ట షెడ్యూల్డు ప్రాంతం కాదు. గిరిజన ప్రాంతాల్లో భూమి పరాధీనం కాకుండా ఆపే 1/70 చట్టం, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం మన్యంలోనే పనిచేస్తాయి, రెడ్డిగూడెం దాకా రావు. తెలంగాణలో 2018లో వెయ్యికి పైగా తండాలూ గూడేలూ సొంత పంచాయతీలయ్యాయి. జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు వెళ్తే ఆ తేడా తెలుస్తుంది. ఇటు చాలా తండాలు ఇంకా పెద్ద ఊరి పంచాయతీకి శివారు ఊళ్లే. పంచాయతీ భవనం అక్కడ, మాట చెల్లేది అక్కడ, ఇళ్ల స్థలానికి భూమి వెతికేదీ అక్కడే.

తండాను వదిలిపోవాలనుకునేవాళ్లూ ఉన్నారు. ఎ.కొండూరు తండాల్లో ఏళ్ల తరబడి మనుషుల్ని తీసుకుపోతున్న కిడ్నీ జబ్బు గురించి తెలిసినవాళ్లు వాళ్లను తప్పుపట్టరు. రోడ్డు దగ్గర, బడి దగ్గర, మంచినీళ్లు వచ్చే చోట ఉండాలని ఎవరికుండదు? వెళ్లేవాళ్లను ఆపమని కాదు. ఉండాలనుకునేవాళ్లు ఉండగలిగేలా నీళ్లూ రోడ్డూ తండాకే రావాలి. నీళ్లు ఇవ్వకుండా, ఇల్లు దూరాన చూపించి, వాళ్లే ఇష్టపడి వెళ్లిపోయారంటే అది న్యాయం కాదు.

ఇళ్ల పథకం లెక్కలోకి రానివి తండాలొక్కటే కాదు. పాత కృష్ణా జిల్లాకు అటు చివర, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఎదురుమొండి దీవి ఉంది. సిమెంటు బస్తా అయినా ఇనుప చువ్వ అయినా రేవు దాటించాలి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచెత్తాక గట్టి ఇల్లంటే ప్రాణమని అక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కానీ ‘పేదలందరికీ ఇళ్లు’ పథకంలో పడవ కిరాయి పద్దు లేకపోయింది. అవనిగడ్డలో కట్టినా దీవిలో కట్టినా అవే లక్షా 80 వేలు ఇచ్చారు. ఐర్లండ్ 2023లో దీవుల కోసం వేరే విధానం తెచ్చి, పాడుబడ్డ ఇంటిని బాగుచేసుకునేవాళ్లకు మిగతా చోట్ల 70 వేల యూరోలిస్తుంటే దీవుల్లో 84 వేల దాకా ఇస్తోంది. మన రాష్ట్రమూ 2025లో ఆగిపోయిన ఇళ్లకు అదనపు సాయం ప్రకటించినప్పుడు గిరిజనులకు 75 వేలు, ఆదిమ తెగలకు లక్ష అని తేడా చూపింది. అంటే రేటు మార్చలేనంత గట్టిదేం కాదు. కులాన్నీ తెగనూ చూసి మార్చినప్పుడు దూరాన్నీ నీటినీ చూసి ఎందుకు మార్చకూడదు?

ఇది అడగడానికి సమయం ఇదే. పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామని ఇప్పటి ప్రభుత్వం చెప్పింది. మూడు సెంట్లంటే 145 గజాలు, మేకల కొట్టానికీ చోటుంటుంది. భూమి ఎంపిక చేసేముందు తహసీల్దారు తండాలోనే కూర్చుని తండా పెద్దలైన నాయక్‌తో, కార్‌భారితో, ముఖ్యంగా ఆడవాళ్లతో మాట్లాడాలి. తండాను ఆనుకుని బంజరు ఉంటే మొదట అదే చూడాలి, లేకపోతే అక్కడే కొనాలి. లాటరీ ఒక్కొక్క పేరుకు కాకుండా బంధుగణానికి తీయాలి. లంబాడీలు కొలిచే సేవాలాల్ గుడి ముందు జాగాను లేఅవుట్‌లో ప్లాటుగా కొయ్యకుండా ఉమ్మడి స్థలంగా గీసి, సర్వే నంబరుతో సహా రికార్డుకు ఎక్కించాలి.