రోజూ ఆఫీసుకు పాత మియాటా

అమెరికాలో తక్కువ ధరకు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొని రోజూ ఆఫీసుకు వెళ్లాలనుకునేవారు హార్స్‌పవర్ కంటే ముందు రిపేరు ఖర్చు చూసుకోవాలి. పాత పోర్షా బాక్స్‌టర్ చవగ్గానే దొరకొచ్చు, దాని విడిభాగాలు మాత్రం చవక కావు. 1989లో వచ్చిన మాజ్డా మియాటాది సాదాసీదా నాలుగు సిలిండర్ల ఇంజన్, బరువు టన్నుకు అటూఇటూ. దాని అసలు శత్రువు తుప్పు. మడత టాప్ వెనక నీళ్లు పోయే కన్నాలు చెత్తతో పూడుకుంటే వాన నీరు తలుపుల కింద నిలిచి రేకును లోపల్నుంచి తినేస్తుంది. పైన పెయింటు నిగనిగలాడుతున్నా వెనక చక్రానికి ముందున్న భాగాన్ని వేలితో నొక్కి చూడాల్సిందే.

ఇద్దరికి మించి పట్టదు కదా అంటారు. ఆఫీసు దారిలో ఎక్కువమంది ఒంటరిగానే వెళ్తారు. భద్రత సంగతి మాత్రం కొట్టిపారేయలేం, ఎత్తైన పికప్‌ల మధ్య ఇది కంటికి ఆనదు. హైవే ప్రయాణం ఎక్కువైతే సైడ్ ఎయిర్‌బ్యాగులున్న 2006 మోడల్‌కో, ఆ తర్వాతిదానికో నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టడమే నయం. అందులో టైమింగ్ బెల్టు మార్పించే బెడదా లేదు, ఉన్నది చైనే.