చీటీ డబ్బులతో జూమ్ లెన్సు

మాది మార్కాపురం. మావారు కొనిచ్చిన చిన్న నికాన్ కెమెరాతో కంభం చెరువులో కొంగని తీస్తే బియ్యపుగింజంత వచ్చింది! దూరంవి దగ్గరగా చూపే ఆ కంపెనీ జూమ్ లెన్సు ధర వింటే గుండె జారింది. నా దగ్గరున్నవి చీటీ డబ్బులే.

"సిగ్మా, టామ్రాన్ లాంటి వేరే కంపెనీలవీ నీ కెమెరాకి పడతాయక్కా, చవగ్గా వస్తాయి" అన్నాడు గిద్దలూరులో స్టూడియో నడిపే మా పిన్ని కొడుకు. సంబరంగా ఒక పాత 70-300 లెన్సు తెప్పించుకున్నా. తీరా బిగిస్తే ఫోకస్ దానంతటది పడదే! ఆ లెన్సులో మోటారు లేదు, నా కెమెరాలోనూ లేదు. ముందే అడగకపోవడం నా తప్పు. పైగా 300 దగ్గర చెయ్యి కాస్త వణికినా బొమ్మ అలికేసినట్టే. సెకనులో అయిదొందలో వంతు వేగం పెడదామంటే పొద్దున్నే చెరువుగట్టున అంత వెలుతురెక్కడిది?

దాన్ని తమ్ముడికే ఇచ్చేశా, వాడి పెద్ద కెమెరాలో మోటారుంది. మరో ఏడాది కూడబెట్టి, మోటారూ, వణుకు ఆపే ఏర్పాటూ ఉన్న టామ్రాన్ 70-300 సెకండ్‌హ్యాండ్‌ది కొన్నా. ఆ ఏర్పాటుంటే పేరులో 'వీసీ' అని ఉంటుంది, సిగ్మా వాళ్లయితే 'ఓఎస్' అంటారు. మీరూ పాతది కొనేట్టయితే డబ్బివ్వకముందే మీ కెమెరాకి బిగించి చూడండి. టార్చి వేసి అద్దాల లోపల బూజుందేమో చూడండి. 400, 500 అంకెలకి ఆశపడకండి. మన చిన్న కెమెరాల్లో 300 అంటే 450 చూపినట్టే.

మొన్న ఆదివారం లకుముకి పిట్ట నోట్లో చేపతో సహా దొరికింది. ఫోటో చూసిన అత్తయ్య, "ఈ డబ్బుకి ఎన్ని చీరలొచ్చేవే!" అన్నారు. అంటూనే ఇంకో కాపీ అడిగారు.