నేల నెరిగి నాటిన చెట్టు

బాన్సువాడ ప్రాంతమునుండి హైదరాబాదు పోవు కుటుంబములు చార్మినారును, గోలకొండను చూచి తృప్తితో మరలుట పరిపాటి. ఈమారు కొండాపూరులోని కోట్ల విజయభాస్కరరెడ్డి ఉద్యానమునందు కూడ ఒక పూట గడపుడని మా మనవి. పూలు చూచి ఆనందించుటకు మాత్రమే కాదు. మన పెరటిలో ప్రేమతో నాటిన మొక్క ఏల చనిపోయినదో తెలిసికొనుటకు.

రమారమి 270 ఎకరముల ఈ తోటలో మొక్కలను కలగాపులగముగా నాటలేదు. ఔషధుల మొక్కలకు, కలప చెట్లకు, ఫలవృక్షములకు, వెదురుకు, నీటిమొక్కలకు వేరువేరుగా వనములు ఏర్పరచినారు. నడుమ సహజమైన బండరాళ్లు, గడ్డిబయళ్లు, నీటిమడుగులు కలవు. ఒక్క ఉదయపు నడకలో పలు విధములైన నేలలను దాటిపోవచ్చును.

ముందుగా నీటిమొక్కల కడ నిలువుడు. తామరతూడును విరిచి చూచినవారికి అందులోని రంధ్రములు తెలిసినవే. బురదలో గాలి అరుదు. ఆకు గ్రహించిన గాలి ఆ గొట్టములగుండా అడుగునకు చేరును. నేలమీది చెట్లలో పెక్కింటికి గాలి పీల్చు రంధ్రములు ఆకు అడుగున ఉండగా, నీటిపై తేలు ఆకునకు పైభాగమున ఉండును.

దీనికి సరిగా ఎదురు, మన మెట్టచేల గట్లపైని నాగజెముడు. ఆకులని మనమనుకొను ఆ పచ్చని దళములు నిజమునకు కాండము; ఆకులే ముండ్లుగా మారినవి. పగటి ఎండలో నీరు ఆవిరిగాకుండ అది తన రంధ్రములను మూసికొని రాత్రివేళ తెరచును. టేకు మార్గము వేరొకటి: ఎండకాలమున ఆకులన్నియు రాల్చి నీటిని పొదుపుచేయును. కాని వేరులచెంత నీరు నిలిచినచో అది ఓర్వలేదు.

ఈ సంగతి మేము నష్టపడి నేర్చినదే. ఒకప్పుడు తేమ ఆరని పల్లపు చోట టేకు మొక్కలు నాటి, ఎండలేమో యని మరింత నీరు పోసితిమి. వేరులు కుళ్లి అన్నియు పోయినవి. లోపము మొక్కది కాదు, చోటు నెన్నుకొన్న మాది.

బాన్సువాడ చుట్టును ఇన్ని రకముల నేలలును కలవు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు కాలువలక్రింద తడి మాగాణులు, మంజీర గట్లు, చెరువులు, ఎఱ్ఱని మెట్టలు కలవు. వాగు గట్టున ఏరుమద్ది నిలుచును. ఆ పేరే దాని చోటు చెప్పుచున్నది. చెరువు శిఖములో నీటమునిగియు నల్లతుమ్మ బ్రతుకును. రాళ్లనేలకు సీతాఫలము, మెట్టకు వేప తగినవి.

2015లో తెలంగాణమున హరితహారము ఆరంభమైన పిమ్మట వానకాలములలో బడులయందు, బాటల వెంట విస్తారముగా మొక్కలు నాటిరి. గుంట త్రవ్వుట అరగడియ పని. ఏ గుంటకు ఏ మొక్క తగునో ఎఱుగుట విద్య. ఉద్యానమునకు పోవునపుడు పిల్లలచేత ఒక పుస్తకమును పట్టించి, ఏ చెట్టు ఏ నేలలో నున్నదో వ్రాయించుడు. వచ్చు తొలకరికి ఆ పుస్తకము తెరచి, మీ నేలను చూచి, మొక్కను ఎన్నుకొనుడు.