లంబసింగిలో 85 డిగ్రీలు!

డిసెంబర్‌ తెల్లవారుజాము. లంబసింగిలో చలిమంట దగ్గర చేతులు కాచుకుంటూ ఫోన్‌ చూశా. స్ట్రాబెర్రీ తోటలో పెట్టిన నా బోర్డు ‘85 డిగ్రీలు’ అంటోంది! తోట రైతు నవ్వేశాడు. ‘‘నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతన్నాయి. నీ మిషనుకి జొరమొచ్చిందేటి తమ్ముడూ?’’

చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉందీ ‘ఆంధ్రా కశ్మీర్‌’. రాత్రి చలి ఎంతకు దిగుతోందో తెలిస్తే మొక్కల మీద ఎప్పుడు కప్పాలో తెలుస్తుందని ఆయన ఆశ. అందుకే ఈఎస్‌పీ32 బోర్డుకు డీఎస్‌18బీ20 సెన్సర్‌ తగిలించా. విశాఖలో నా టేబుల్‌ మీద వారంపాటు చక్కగా పనిచేసింది కూడా.

తప్పు సెన్సర్‌ది కాదు, నాది. కరెంటు అందగానే అందులో ఉండే అంకె 85. కొలవడం పూర్తయ్యాకే అసలు ఉష్ణోగ్రత వస్తుంది. అందుకు 9 బిట్ల సెట్టింగ్‌లో 94 మిల్లీసెకన్లు చాలు, 12 బిట్లకైతే 750 కావాలి. నేను మొదట్లో ఒక్కసారి 9 అని చెప్పి, 100 ఆగితే చాలనుకున్నా. ఇక్కడికొచ్చాక బ్యాటరీ ఆదా కోసం బోర్డు నిద్రపోయినప్పుడల్లా సెన్సర్‌కూ కరెంటు ఆపేశా. దాంతో లేచిన ప్రతిసారీ అది నా మాట మరచిపోయి, ఫ్యాక్టరీలో పెట్టిన 12కే వెళ్లిపోయింది.

ఆగే సమయాన్ని 800 చేశా. 85 కనిపిస్తే మళ్లీ కొలవమన్నా. మర్నాడు 6.25 చూపించింది. ‘‘ఇప్పుడు నిజం చెప్తంది’’ అన్నాడాయన.

టేబుల్‌ మీద ఒక్కో సెట్టింగూ విడిగా పాసైతే సరిపోదు. అన్నీ కలిసి తోటలో ఒక రాత్రి గడపాలి.