జ్యూరీ పిలుపు వచ్చిన పేరెంటల్ లీవు ఉద్యోగికి జీతం ఎవరివ్వాలి?

నిందితుడు దోషా కాదా అన్న నిర్ణయాన్ని న్యాయమూర్తికి బదులు సామాన్య పౌరుల చేతిలో పెట్టే జ్యూరీ పద్ధతి, భారతదేశపు క్రిమినల్ కోర్టుల్లో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో కనుమరుగైంది గానీ, ఆస్ట్రేలియాలో తీవ్ర నేరాల విచారణకు నేటికీ అదే ఆధారం. జ్యూరీ సభ్యులను ఓటర్ల జాబితా నుంచి ఎంపిక చేస్తారు, పౌరులందరూ ఆ జాబితాలో నమోదు కావడం అక్కడ తప్పనిసరి. అందువల్ల సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల్లో పౌరసత్వం పుచ్చుకున్న తెలుగువారి ఇళ్లకూ ఏదో ఒకనాడు కోర్టు సమన్లు రావచ్చు; వీసా మీద ఉంటున్నవారికి ఆ బాధ్యత లేదు.

కోర్టు జ్యూరర్లకు ఇచ్చే రోజువారీ భత్యం సాధారణంగా జీతానికి చాలదు కనుక, ఆ లోటును యజమాని పూడ్చాలని 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టం నిర్దేశించింది. ఈ భర్తీని అక్కడ మేకప్ పే అంటారు. దీనిని లెక్కకట్టేది మూల వేతనం మీద, అంటే ఓవర్‌టైమ్, అలవెన్సులు, బోనస్‌లు తీసివేసిన జీతం మీద. ఒక ఉద్యోగి మూల వేతనం రోజుకు 320 డాలర్లనీ, కోర్టు భత్యం 40 డాలర్లనీ అనుకుంటే, యజమాని ఇవ్వవలసింది 280 డాలర్లు. అదీ మొదటి 10 రోజులకే. భత్యం ఎంత ముట్టిందో రుజువు చూపమని యజమాని అడిగినప్పుడు చూపకపోతే ఆ మొత్తమూ దక్కదు. రోజువారీ అవసరాన్ని బట్టి పనిచేసే క్యాజువల్ ఉద్యోగులకు ఈ చట్టం కింద ఆ హక్కే లేదు.

బిడ్డ పుట్టినప్పుడు గానీ దత్తత తీసుకున్నప్పుడు గానీ, ఏడాది సర్వీసు నిండిన తల్లికైనా తండ్రికైనా 12 నెలల వరకు జీతం లేని పేరెంటల్ లీవు ఇచ్చేదీ ఈ చట్టమే. ఆ సెలవులో ఉన్నవారు జ్యూరీలో కూర్చుంటే యజమాని నుంచి ఏ చెల్లింపూ రాదని 79వ సెక్షన్ తేల్చిచెబుతోంది. జ్యూరీ వల్ల పోయిన జీతాన్ని తిరిగి ఇప్పించడమే మేకప్ పే పని కాబట్టి, ఎలాగూ జీతం లేని రోజున పూడ్చడానికి లోటే ఉండదన్నది దీని వెనకున్న తర్కం. విక్టోరియా రాష్ట్రపు జ్యూరీల చట్టం 10 రోజుల పరిమితి పెట్టని ఉదారమైనదే అయినా, జ్యూరీకి వెళ్లకపోతే ఉద్యోగికి వచ్చి ఉండే సంపాదనకూ భత్యానికీ మధ్య తేడానే ఇప్పిస్తుంది గనుక, అక్కడా జీతం లేని సెలవులో తేలేది సున్నాయే. కోర్టు భత్యం మాత్రం ఉద్యోగిదే. దానికి సెలవుతో సంబంధం లేదు.

ప్రభుత్వం ఇచ్చే పేరెంటల్ లీవు పే వల్ల చాలామంది పొరబడుతుంటారు. 2011లో 18 వారాలకు మొదలై, తరువాతి సవరణలతో 2026 జులై నుంచి 26 వారాలకు చేరేలా పెంచిన ఈ సాయం, కనీస వేతనం రేటున, కొన్నిసార్లు కంపెనీ పేస్లిప్ ద్వారానే అందుతుంది. అయితే ఆ సొమ్ము ఖజానాది, జీతం కాదు. కాబట్టి ఖాతాలో డబ్బు పడుతున్నా, ఫెయిర్ వర్క్ చట్టం దృష్టిలో అది జీతం లేని సెలవుగానే ఉండిపోవచ్చు. కంపెనీ తన సొంత విధానం కింద జీతంతో కూడిన సెలవిస్తే, సమాధానం ఆ విధానపు పత్రంలోనో ఉద్యోగ ఒప్పందంలోనో వెతుక్కోవాలి.

వార్షిక సెలవు, అంటే యాన్యువల్ లీవు మధ్యలో సమన్లు వచ్చినవారి పట్ల చట్టం మరింత దయగా ఉంది: ఆ రోజులను సెలవుగా లెక్కించకుండా వారి ఖాతాకే మిగులుస్తుంది. పేరెంటల్ లీవుకు అలాంటి వెసులుబాటు ఉన్నట్టు లేదు. తర్కం సరే గానీ, పసిబిడ్డను కోర్టు గదిలోకి తీసుకువెళ్లలేని తల్లికి అసలు ఖర్చు పోయిన జీతం కాదు, ఆ పూట బిడ్డను చూసుకునేవారికి ఇవ్వవలసిన డబ్బు. ఆ ఖర్చు మేకప్ పే లెక్కలోకే రాదు.

అందుకే చాలామందికి పనికొచ్చేది మేకప్ పే నిబంధన కాదు, మినహాయింపు. ఆధారపడినవారిని చూసుకోవలసి ఉండి, వేరే ఏర్పాటు కుదరకపోతే, దానిని జ్యూరీ నుంచి తప్పించడానికి తగిన కారణంగా విక్టోరియా చట్టం పేర్కొంటోంది. పేరెంటల్ లీవులో ఉన్నంత మాత్రాన సమన్లు తమంతట తాము రద్దు కావు గనుక, జవాబు రాయకుండా ఊరుకోవడం జరిమానాకు దారితీయవచ్చు.